శనివారం చికెన్ ప్యాకెట్లు ఇక కట్టం

డాలస్ చుట్టుపక్కల నుంచి మా దుకాణానికి వచ్చే అన్నలకూ అక్కలకూ నమస్కారం. నారింజ రసంలో నానబెట్టిన గ్రిల్ చికెన్ ప్యాకెట్లు ఈ వారం నుంచి ఆపేస్తున్నాం. ఎందుకో దాచకుండా చెబుతాను. అదే చికెన్ ఇంట్లో ఎలా కాల్చుకోవాలో కూడా చెబుతాను.

మూడు వారాలుగా ఒకటే ఫిర్యాదు. ముక్క పైన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉందని, నోట్లో పిండిపిండిగా అవుతోందని. ఒక అక్కయితే "ముందే ఉడికించి అమ్ముతున్నారా?" అని కౌంటర్ దగ్గరే నిలదీసింది. మేం ఉడికించలేదక్కా, నారింజ రసంలో కలిపిన నిమ్మరసం ఉడికించింది. గురువారం సాయంత్రమే కలిపి ప్యాకెట్లు కట్టేవాళ్లం. మీరు శనివారం మధ్యాహ్నం పొయ్యి ముట్టించేవారు. అంటే దాదాపు 40 గంటలు. పెరుగులో కోడిని రాత్రంతా నానబెట్టి అలవాటైన చేతులు మావి, పులుపేదైనా పులుపే కదా అనుకున్నాం. పులుపును కొలిచే పీహెచ్ అంకె పెరుగుకు 4.5 దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది 2 నుంచి 2.5. ఒక్క అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. ఇక లెక్క మీరే వేసుకోండి.

రెండో తప్పు తూకంలో. ప్యాకెట్‌ను రసంతో సహా తూచి, మొత్తానికి చికెన్ ధర వేశాం. మొదట్లో గమనించలేదన్నది నిజమే. గమనించాక కూడా "ఈ వారం స్టిక్కర్లు కొట్టేశాం కదా" అని ఇంకో వారం నడిపించామన్నదీ నిజమే. ఈ మూడు వారాల్లో కొన్నవాళ్లు బిల్లు ఉన్నా లేకపోయినా వచ్చి డబ్బులు తీసుకెళ్లండి.

మా మాంసం కౌంటర్లో ఉండే అన్నది మెక్సికోలో సినలోవా రాష్ట్రం. బొగ్గుల మీద కాల్చిన కోడిని, వాళ్లు పోయో అసాదో అనేదాన్ని, మీకు రుచి చూపించాలన్న ఆలోచన ఆయన్ను చూసే వచ్చింది. అక్కడ అది రోడ్డు పక్క తిండి. ఇక్కడ మీరు చూసే 'ఎల్ పోయో లోకో' హోటళ్ల సంస్థ కూడా 1975లో ఆ రాష్ట్రంలోని గువసావే అనే ఊళ్లో పుట్టి, 1980లో లాస్ ఏంజెలిస్ చేరింది. పేరుకు అర్థం పిచ్చి కోడి. మా అన్న మొదటి వారమే చెప్పాడు, "హెఫే, మా ఇంట్లో రెండు మూడు గంటలే నానబెడతాం" అని. హెఫే అంటే యజమాని. యజమాని వినలేదు. నల్లగొండ బత్తాయి తోటల మధ్య పెరిగినవాణ్ని, నారింజ సంగతి నాకొకరు చెప్పేదేంటనుకున్నా.

నిజానికి ఆ సంగతే నాకు తెలియదు. బత్తాయిలో తీపే తప్ప పులుపు పెద్దగా ఉండదు, దాన్నిబట్టి నారింజను అంచనా వేశాను. లాటిన్ అమెరికా వంటల్లో చాలాచోట్ల వాడేది పుల్ల నారింజ, స్పానిష్‌లో నరాంహా ఆగ్రియా. క్యూబావాళ్లు మోహో అనే వెల్లుల్లి సాస్‌కూ, మెక్సికోలోనే యుకతాన్ ప్రాంతంవాళ్లు అరటాకులో చుట్టి వండే కోడికీ అదే ఆధారం. నరాంహా అన్న మాట ఎక్కడో విన్నట్టుంది కదా? మన నారింజే. మన దేశం వైపు నుంచి పర్షియా, అరబ్బు దేశాల మీదుగా స్పెయిన్ చేరింది. 1493లో కొలంబస్ రెండోసారి ఓడెక్కినప్పుడు నారింజ విత్తనాలూ ఆయనతో అమెరికా వైపు వెళ్లాయి. మిరపకాయ అటు నుంచి మనకు వచ్చింది, నారింజ ఇటు నుంచి వాళ్లకు పోయింది. ఎవరికీ నష్టం లేదు.

ఇక చేసే పద్ధతి. మూడు, మూడున్నర పౌండ్ల కోడి తీసుకోండి. వెన్నెముక కత్తిరించి తీసేసి, తెరిచిన పుస్తకంలా పరిచి రొమ్ము మీద గట్టిగా నొక్కాలి. ఈ పని మేం చేసిస్తాం, డబ్బులక్కర్లేదు. ముందు రోజు రాత్రి మామూలు ఉప్పు ఒక టేబుల్ స్పూన్ అంతటా రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా ఉండాల్సింది ఉప్పే. అది నెమ్మదిగా లోపలికి దిగుతుంది. పులుపు పైపైనే ఉండిపోయి, ఎక్కువసేపు ఉంచితే ఆ పై పొరనే చెడగొడుతుంది.

మర్నాడు పుల్ల నారింజ రసం ముప్పావు కప్పు తీయండి. కాయలు దొరక్కపోతే మామూలు ఆరెంజ్ రసం అరకప్పు, లైమ్ రసం పావుకప్పు. అందులో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర, రెండు చెంచాల మెక్సికన్ ఒరేగానో, అర చెంచా మిరియాలు, రెండు టేబుల్ స్పూన్ల నూనె వేసి మిక్సీ పట్టండి. ఒరేగానో లేకపోతే చిటికెడు వాము నలిపి వేయండి, మా ఇంట్లో ఎవరూ తేడా కనిపెట్టలేదు. ఎర్ర రంగు కోసం అచియోతే ముద్ద చిన్న ముక్క కలుపుకోవచ్చు. అది మన జాఫ్రా గింజలదే, మన్యంలో పండుతుంది. మా అన్న దాన్ని చూసి "అది యుకతాన్‌వాళ్ల అలవాటు" అని మూతి తిప్పుతాడు, నేను మాత్రం వేస్తాను. ఇదంతా పట్టించి రెండు గంటలు, మహా అయితే నాలుగు.

తోలు తీయించకండి. మనవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది తోలు తీసేయమంటారు, నేనూ మాట్లాడకుండా తీసిచ్చేవాణ్ని. కూరకు సరే. నిప్పు మీద తోలు లేని రొమ్ముముక్క చెక్కైపోతుంది. తినకపోతే పోయె, కాలేదాకా ఉంచండి, పళ్లెంలోకి వచ్చాక తీసి పడేయండి.

బొగ్గులు ఒక పక్కకే పోయండి. కోడిని రెండో పక్క, ఎముకల వైపు కిందికి ఉండేలా పెట్టి మూత వేస్తే 40 నిమిషాల అటూఇటూగా అవుతుంది. చివరి నాలుగైదు నిమిషాలే తోలు వైపు తిప్పి నిప్పుల మీదికి జరపండి. రసంలో చక్కెర ఉంటుంది కాబట్టి మొదటే అక్కడ పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. థర్మామీటర్ గుచ్చితే రొమ్ములో 165 ఫారెన్‌హీట్ చూపాలి, తొడలో 175 దాకా పోనివ్వండి. గిన్నెలో మిగిలిన రసం పచ్చి మాంసం తగిలినది, మరిగించకుండా మీద చల్లొద్దు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గులు వద్దంటే ఓవెన్లో 425 మీద 45 నిమిషాలు. పొగ వాసన రాదు, మిగతాదంతా వస్తుంది.

వాళ్లు వాడేది మెస్కీట్ బొగ్గు. మన ఊళ్లలో చెరువు గట్టంతా ఆక్రమించి రైతుల్ని ఏడిపించే సర్కారు తుమ్మ ఉంది చూశారూ, దాని చుట్టమే ఈ చెట్టు. ఊళ్లో తిట్టుకునేదాన్ని ఇక్కడ సంచుల్లో తెచ్చి డాలర్లకు అమ్ముతున్నా. మా నాన్నకు చెబితే నమ్మలేదు.

ఇకమీదట కోడి వేరుగా తూచిస్తాం, రసం సీసా వేరుగా ఉంటుంది. సీసా కొనకపోయినా పర్వాలేదు, పైన చెప్పిందంతా అందులో ఉన్నదే. శుక్రవారం మధ్యాహ్నం రెండులోపు ఫోన్ చేస్తే సాయంత్రానికి కోసి ఉంచుతాం. పుల్ల నారింజ రెండు పెట్టెలే వస్తున్నాయి, ఇంటికి ఆరు కాయల కంటే ఎక్కువ అడగొద్దు. తీసేసిన వెన్నెముకలు సూప్‌కు కావాలంటే ఊరికే ఇస్తాం, కౌంటర్లో అన్నను అడగండి.