చిట్కాతో పాటు కారణమూ వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో ఇంటి మరమ్మతుల చిట్కాలు చదువుతుంటాను. పనికొచ్చేవే. అయితే ఏం చేయాలో చెప్పినప్పుడు ఎందుకో కూడా ఒక్క ముక్క వేయమని అడగడానికే ఈ ఉత్తరం. నేను ఎలక్ట్రీషియన్‌ని. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు ఈమధ్య చిట్కాలు బట్టీ పట్టి మరీ వస్తున్నారు.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆఫయ్యే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందంటే 16 ఆంప్స్‌ది తీసి 32ది పెట్టేయమంటారు. పెడితే పడటం ఆగుతుంది, ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు. కానీ ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జూల్ అనే శాస్త్రవేత్త 1841లోనే చెప్పాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు! 16 ఆంప్స్‌కని వేసిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు దాన్ని ఎంతసేపు ఓర్చుకుంటుంది? ఇన్సులేషన్ మెత్తబడేది గోడ లోపల, ఎవరి కంటా పడదు.

అసలు ఎంసీబీ లోపల ఏముందో తెలిస్తే, అది పడిన తీరే సగం సంగతి చెప్పేస్తుంది. స్విచ్ వేసిన మరుక్షణం పడిందంటే, కరెంటు ఒక్కసారిగా ఎగబాకితే అయస్కాంతంలా పనిచేసే కాయిల్ లాగింది, చాలావరకు ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. పావుగంట నడిచాక పడిందంటే వేడికి వంగే రెండు లోహాల పట్టీ పని. అంటే లోడ్ ఎక్కువైంది, లేదా స్క్రూ లూజై అక్కడ వేడి పుడుతోంది. టెర్మినల్ మాడకముందే చూస్తే స్క్రూడ్రైవర్‌తో పోయే పని అది. దానికి కొత్త ఎంసీబీ కొనిపించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రెడీమేడ్ చిట్కాలు వద్దని కాదు. వైరు సైజుల టేబుల్ నేనూ చూస్తాను, ప్రతిసారీ కూర్చుని లెక్కలు కట్టను. కానీ ఆ టేబుల్‌కీ షరతులున్నాయి. చుట్టూ ఇంత వేడి, పైపులో ఇన్ని వైర్లు అని. ఒకే పైపులో అరడజను సర్క్యూట్లు దూరిస్తే వేడి బయటికి పోయే దారి ఉండదు, అదే వైరు మోయగలిగే కరెంటు తగ్గిపోతుంది. ఇదంతా టేబుల్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకునే నేను చదువుతాను, కుర్రాళ్లు చదవరు.

ఈసారి ‘ఫ్యాన్ నెమ్మదిస్తే కెపాసిటర్ మార్చండి’ అని వేసినప్పుడు, పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్ విలువే (అదే కెపాసిటర్ కొలత) కొత్తదానికీ ఎందుకు ఉండాలో కూడా రాయండి. స్పీడు పెరుగుతుందని పెద్ద విలువది వేస్తే ఫ్యాన్ మోటారులోని తీగచుట్ట, అదే వైండింగ్, వేడెక్కుతుంది. చోటు చాలకపోతే ఫ్యాన్ బొమ్మ కాస్త చిన్నది చేయండి.

- ఒక ఎలక్ట్రీషియన్