గురువు చేత గుమాస్తా పని చేయించొద్దు
కతోలిక విచారణల్లో, అంటే ఒక్కో గుడి కింద ఉండే విశ్వాసుల సమాజాల్లో, గురువుల (ఫాదర్ల) సమయం భవనాలకు, బిల్లులకు, బడి లెక్కలకే పోతోంది. పాపసంకీర్తనం (విశ్వాసులు తమ పాపాలు చెప్పుకోవడం) వినడానికి, మంచాన పడ్డవాళ్లను చూడడానికి మిగలడం లేదు. ఆదివారం పూజకు ముందు పాపసంకీర్తనం కోసం వరుసలో నిలబడ్డవాళ్లు గంట మోగగానే వెనుదిరగడం చాలాసార్లు చూశాను. ఫాదర్ అప్పటికీ ఆఫీసు గదిలో కాంట్రాక్టరుతో మాట్లాడుతూ ఉంటారు. ఆయన్ని తప్పుపట్టలేం, పనులన్నీ ఒక్కరి నెత్తిన పెట్టే పద్ధతే తప్పు. గురువు కన్నా కింది అభిషేక హోదాలో ఉండే డీకన్ జ్ఞానస్నానం ఇవ్వగలరు, పెళ్లి జరిపించగలరు. శిక్షణ పొందిన గృహస్థులు రోగులకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) తీసుకెళ్లగలరు. కానీ దివ్యబలిపూజ అర్పించడం, పాపాలకు క్షమాపణ ఇవ్వడం, రోగులకు అభ్యంగనం చేయడం (ప్రార్థిస్తూ పవిత్ర తైలం పూయడం) గురువులకు, పీఠాధిపతులకు (బిషప్పులకు) తప్ప ఎవరికీ కుదరదు. కొనఊపిరితో ఉన్న మనిషి పక్కన కూర్చుని ‘ఫాదర్ బయల్దేరారా?’ అని మాటిమాటికీ ఫోన్ చేసే ఇంటివాళ్ల టెన్షన్ చూస్తే ఆ సంగతి ఎంత పెద్దదో తెలుస్తుంది. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో 537వ నిబంధన ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి ఉండాలంటుంది. 529వది విచారణ గురువు కుటుంబాలను కలవాలని, రోగులకు తోడుండాలని చెబుతుంది. మొదటిది కాగితానికే పరిమితమైతే రెండోది ఎలా జరుగుతుంది? ఆస్తుల బాధ్యత చట్టప్రకారం గురువుదే అయినా రసీదులు, మరమ్మతులు, బ్యాంకు పనులు మండలి సభ్యులు చూసుకుని ఆయనకు నెలనెలా లెక్క చూపొచ్చు. పాపసంకీర్తనం వేళలను గుడి తలుపు మీద రాయించి, ఆ వేళల్లో ఏ మీటింగూ పెట్టకూడదని పీఠాధిపతులు ఆదేశించాలి. రాత్రిపూట రోగుల పిలుపు అందుకోవడానికి ఇరుగుపొరుగు విచారణల గురువులకు వంతులు వేయాలి.