ఫారంలో ‘సంబంధం: అక్క’ అని రాయించిన ఆవిడకు

ఎడమచేత్తో టైపు చేస్తున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకోండి. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేసి ఇవాళ్టికి నాలుగు రోజులు. నొప్పి మాత్ర వేసుకున్నాక ఓ రెండు గంటలు బుర్ర పనిచేస్తోంది, ఆ రెండు గంటల్లోనే ఇది రాసెయ్యాలని కూర్చున్నాను. నాలుగు రోజులు ఆగితే నేనూ “దేవుడిలా వచ్చి ఆదుకున్నారు” అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటానేమోనని భయం.

తెలియనివాళ్ళ కోసం. ఈ డిసెంబరులో స్కూటరు మీద ఒక్కదాన్నే విశాఖలో బయల్దేరాను. పెందుర్తి, ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి అరకు. అక్కణ్నుంచి కోరాపుట్, కొలాబ్ జలాశయం, దేవమాలి కొండ. తర్వాత రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి. ఆ తర్వాత గోపాల్‌పూర్ సముద్రం, రంభ దగ్గర చిలికా సరస్సు. తిరుగుదారిలో తీరం వెంబడే బారువ, కలింగపట్నం, భీమిలి, ఇల్లు. మొత్తం ఎనిమిది రోజుల ప్లాను. నలభై మూడేళ్ళ ఆడదానికి ఇదేం పిచ్చి అన్నవాళ్ళకి అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

బాగుందా అంటే, చాలా బాగుంది. అరకులో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి, వాటికంటే సెల్ఫీలు దిగేవాళ్ళే ఎక్కువున్నారనుకోండి. దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. పైన గాలికి స్టాండు వేసిన స్కూటరు ఊగుతుంటే పట్టుకుని నిలబడ్డానే తప్ప ఫొటో తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. గోపాల్‌పూర్ ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు మన తెలుగే మాట్లాడుతుంటే, ఇంటికి దూరంగా ఉన్నానన్న మాటే మర్చిపోయాను. చిలికాలో పొద్దున్నే పడవ ఎక్కాను. నీళ్ళ మీద మంచు, ఆ మంచులో ఎక్కడో పక్షుల గోల. పడవవాడు ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు. అరగంట సేపు ఎవరం మాట్లాడలేదు.

ఒక్కటే కొరత మిగిలింది. గుణుపురంలో వంశధార వంతెన మీద ఆగి, ఈ నది సముద్రంలో కలిసేచోట, కలింగపట్నంలో, మళ్ళీ కలుద్దామని అనుకున్నాను. నదితో మాట్లాడతారా అనకండి, ఒంటరిగా ఆరు రోజులు బండి నడిపితే స్కూటరుతో కూడా మాట్లాడతారు. కలింగపట్నం చేరనేలేదు.

ఏడో రోజు సాయంత్రం. బారువ చూసుకుని, హైవే ఎక్కకుండా లోపలి రోడ్ల మీద పలాస వైపు వస్తున్నాను. ఓ పక్క కొబ్బరితోటలు, జీడితోటలు, ఇంకో పక్క కోసేసిన పొలాలు. రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. సగం రోడ్డు ధాన్యానిది, సగం మనది, మధ్యలో వరసగా రాళ్ళు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. పక్కకి తీశాను. ముందు చక్రం గింజల మీదికెక్కింది. అక్కడ బ్రేకు వెయ్యకూడదని తెలుసు. వేశాను.

చెయ్యి కింద పెట్టి పడ్డాను. లేచి చూసుకుంటే మణికట్టు నాది కానట్టు వంకరగా ఉంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ల్యాండ్‌మార్క్ చెప్పమన్నారు. చుట్టూ కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేవు, ఏ చెట్టని చెప్పను? “నలభై నిమిషాలు పడుతుంది మేడం” అన్నారు.

అప్పుడొచ్చింది ఆ ఆటో. జీడి పనికి వెళ్ళి ఇళ్ళకి తిరిగొస్తున్న ఆడవాళ్ళున్నారు అందులో. అందరికంటే ముందు ఒకావిడ దిగింది. యాభై ఉంటాయేమో, సన్నగా, నెత్తిన తువ్వాలు చుట్టుకుని. “ఓలమ్మో, ఏటైనాదమ్మీ?” అంటూ వచ్చి, చేతిని చూసి, ఇంకేమీ అడగకుండా రోడ్డు పక్కన ఎండు కొబ్బరిమట్ట విరిచి, దాన్ని చేతి కింద పెట్టి, నా చున్నీతోనే కట్టేసింది. బెణికిన వేలికి కట్టు కట్టినంత సుళువుగా. తర్వాత వైజాగులో డాక్టరుగారు ఆ కట్టు చూసి “ఎవరు కట్టారు? బాగా కట్టారే” అన్నారు. ఆ మాట ఆవిడకి ఫోన్లో చెప్తే నవ్వింది. వాళ్ళ ఇంట్లో మేకకి ఒకసారి అలాగే కట్టిందట.

ఆటో ఎక్కించింది. తనూ ఎక్కింది. మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రి పేరు రాయను. ఎందుకంటే అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, తక్కువమంది, అంతే. కానీ లోపలికి అడుగుపెట్టగానే నాకు అర్థమైంది, ఈవిడకి ఆ ఆసుపత్రి కొట్టిన పిండి. “ఆ బల్ల మీద కూకోకమ్మీ, ఆ ఫ్యాను తిరగదు. ఈ కుర్సీ మీద కూకో” అంది. చీటీ ఏ కిటికీలో ఇస్తారో, ఏ నర్సు కసురుతుందో, ఏ నర్సు కసిరి కూడా పని చేసిపెడుతుందో అన్నీ తెలుసు. తర్వాత నెమ్మదిగా తెలిసింది. వాళ్ళాయనకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండు డయాలసిస్‌లు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు, మన వైజాగు వాళ్ళకి అది పేపర్లో చదివే వార్త. ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళయినా తేలలేదు. ఆవిడకి మాత్రం అది ఆ కుర్చీ, ఆ ఫ్యాను.

పక్కకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. “అన్నం వార్సే ఉంది. నీళ్ళు గ్లాసుతో కొలిసి తాగు. నాను రాలేదని సెంబుతో తాగేసేవు” అంటోంది. డయాలసిస్ మనిషికి నీళ్ళు కూడా కొలతే కదా. మర్నాడు పొద్దున్నే ఆయన్ని మళ్ళీ డయాలసిస్‌కి తీసుకెళ్ళాలట. అయినా వెళ్ళలేదు.

ఎక్స్‌రే తీసే ఆయన లేడు. పిలిపిస్తామన్నారు. ఆ గంటన్నరలో జరిగింది చెప్పడానికే ఈ పోస్టు.

హెల్మెట్టు తీశాక చూసుకుంటే జడ ఊడిపోయింది, జుట్టు నిండా వడ్లు. ఆవిడ నా వెనక్కి వచ్చి నిలబడి, ఒక్కో గింజా ఏరడం మొదలుపెట్టింది. ఏరి కింద పడెయ్యడం లేదు. చీర కొంగులో వేసుకుంటోంది. “ఎందుకక్కా, పడెయ్” అన్నాను. “గింజలు పారెయ్యకూడదమ్మీ” అంది. గుప్పెడు కూడా ఉండవు అవి. కొంగు చివర ముడేసి దోపుకుంది.

తర్వాత బయటికెళ్ళి ఇడ్లీ పొట్లం తెచ్చింది. నాకు కుడిచెయ్యి లేదు, ఎడమచేత్తో తినబోతే పళ్ళెం జారుతోంది. ఆవిడ ముక్క తుంచి చట్నీలో అద్ది నోటి దగ్గర దాకా తెచ్చి, ఆగిపోయింది. చేతిని తిప్పి చూసుకుంది. వేళ్ళ కొసలన్నీ నల్లగా, అక్కడక్కడా చర్మం పొరలు లేచి ఉన్నాయి. జీడిపిక్కల తొక్కలో రసం చేతిని కాల్చేస్తుంది. ఆముదం రాసుకున్నా, బూడిద రాసుకున్నా ఆ నలుపు పోదు. “మురికి కాదమ్మీ. జీడి మచ్చలు. ఎంత తోమినా పోవు. సబ్బెట్టి కడిగేనులే” అంది. సంజాయిషీ ఇస్తున్నట్టు. నాకు.

పడ్డప్పుడు ఏడవలేదు. ఎముక సరిచెయ్యడానికి చెయ్యి లాగినప్పుడు అరిచాను కానీ ఏడవలేదు. ఆ మాటకి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పనుకుని ఆవిడ నర్సు కోసం పరిగెత్తింది.

మరో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే నిద్ర పట్టదు. ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న “నొప్పి ఎక్కడ?” కాదు. “మగవాళ్ళెవరూ రాలేదా?” రెండో ప్రశ్న, “ఒక్కదానివే ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?” అప్పటికి వారంగా ఇదే గోల. ఓ ఊళ్ళో లాడ్జి వాడు సింగిల్ లేడీస్‌కి రూము ఇవ్వనన్నాడు, ఆధార్ చూపించినా సరే. మూడోది ఫారం. రోడ్డు ప్రమాదం కాబట్టి పోలీసులకి కబురు వెళ్తుంది, తీసుకొచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయాల్సిందే అన్నారు. ఆవిడ మొహంలో రంగు పోయింది. కోర్టు చుట్టూ తిప్పుతారేమో, ఆ రోజు డయాలసిస్ పడితే ఎలా అని భయం.

2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేర్చింది ఇలాంటివాళ్ళ కోసమే. ప్రమాదంలో ఉన్నవాళ్ళని ఆసుపత్రికి చేర్చిన మనిషిని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ హక్కుల పట్టిక ప్రతి ఆసుపత్రీ గుమ్మం దగ్గర స్థానిక భాషలో పెట్టాలని రూలు కూడా ఉంది. అక్కడ గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో పోస్టరు ఉంది, ఇది లేదు. ఇదంతా నాకు ఇంటికొచ్చాక తెలిసింది. ఆ రాత్రి తెలిసుంటే ఆవిడని అంత కంగారు పడనిచ్చేదాన్ని కాదు.

తెలియదు కాబట్టి ఆవిడ పేరు రాయించింది. ‘రోగితో సంబంధం’ అన్న గడి దగ్గర గుమాస్తా పెన్ను ఆపి చూశాడు. ఆవిడ ఓసారి నా వైపు చూసి, “అక్కనని రాయండి” అంది.

రాత్రి పదకొండు దాటాక మా తమ్ముడు వైజాగు నుంచి కారులో వచ్చాడు. అప్పటిదాకా ఆవిడ నా పక్కనే ఉంది. వాడు డబ్బు ఇవ్వబోతే, “ఆటో గుంటడికి నూనె డబ్బులియ్యండి, సాలు” అంది. నాకు మాత్రం చెవిలో చెప్పింది, “మళ్ళీ ఒక్కలివే తిరుగు. మానెయ్యకు. గింజల మీద మాత్రం బండెక్కించకు.” ఏడు రోజుల్లో తిరగమని చెప్పిన మనిషి ఆవిడొక్కతే. పేరు రాయొద్దంది, రాయట్లేదు. అక్కా, ఇది మీ అబ్బాయి చదివి వినిపిస్తాడని రాస్తున్నాను. ఆ రోజు ఇడ్లీ చాలా బాగుంది.

తమ్ముడు, అమ్మ, మరదలు చేస్తున్నది చేస్తున్నారు. వాళ్ళకి థాంక్స్ చెప్తే కొడతారు.

ఇన్సూరెన్సు కంపెనీ గురించి ఒక్క ముక్క, పేరు లేకుండా. క్యాష్‌లెస్ కావాలంటే ఎఫ్ఐఆర్ కావాలన్నారు. ఎవరి మీద పెట్టాలి, వడ్ల మీదా? ఆ పూటంతా ఆపరేషన్ బల్ల ఎక్కకుండా వాళ్ళ మెయిల్ కోసం కూర్చున్నాను. ధాన్యం ఆరబోసిన రైతు మీద కేసు పెట్టమని సలహా ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తూకం వెయ్యరు. కళ్ళాలు లేవు, డ్రయ్యర్లు లేవు. ఆయన ఇంకెక్కడ ఆరబోస్తాడు? రోడ్డు మీద ఆరబోయడం తప్పే. ఆ తప్పు ఆయనొక్కడిదే మాత్రం కాదు.

పోస్ట్ చేసేముందు చదివితే ఎంతమందిని వదిలేశానో తెలిసింది. ఆ ఆటోలో మిగతా ఆడవాళ్ళు, ఐదుగురో ఆరుగురో. పొద్దుటినుంచి పనిచేసి వస్తూ, ఆటో నాకు వదిలేసి చీకట్లో నడిచి వెళ్ళిపోయారు. వాళ్ళ మొహాలు కూడా సరిగ్గా చూడలేదు. క్షమించండి. ఇంట్లో భోజనం దగ్గర నుంచి లేచొచ్చిన ఎక్స్‌రే ఆయన. కసిరిన నర్సుగారు, ఆవిడే తర్వాత ఎవరూ అడక్కుండా దుప్పటి తెచ్చి కప్పింది. మందుల షాపు కుర్రాడు, చిల్లర లేదని పదిహేడు రూపాయలు వదిలేశాడు, నేను మర్చిపోలేదు బాబూ. మా ఆఫీసులో లీవు సర్దిన వాళ్ళు. అనంతగిరి ఘాటులో పంక్చరు వేసిన తాత, అది మొదటిరోజు సంగతి, దీనికి సంబంధం లేదు కానీ చెప్పకపోతే బాగోదు.

ఇంకొకరు, అసలు ఈయన్ని మర్చిపోవడమేమిటి! ఆ ధాన్యం రైతు. నేను పడ్డాక పరిగెత్తుకొచ్చింది ఆయనే. చెదిరిన గింజలు ఎత్తుకోవాలనే ధ్యాస కూడా లేకుండా నా చెప్పు ఎక్కడుందో వెతికి తెచ్చాడు. స్కూటరు ఇంకా వాళ్ళ పెరట్లోనే ఉంది, గోనెసంచులు కప్పి. నిన్న ఫోన్ చేశాడు. బ్యాటరీ దిగిపోకుండా రోజూ పొద్దున్నే ఓసారి స్టార్టు చేసి ఆపుతున్నాడట. ఎవర్నైనా పంపిస్తే ఇచ్చేస్తానన్నాడు. ఎవర్నీ పంపించను, చెయ్యి బాగయ్యాక నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పాను. అక్కణ్నుంచి కలింగపట్నం ఎంత దూరం అని కూడా అడిగాను.