నావికుల ఆశ్రయాల చరిత్ర ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చినవారికి, సభ్యులకు నమస్కారం. ఏప్రిల్ 5, జాతీయ నౌకాయాన దినోత్సవం నుంచి మూడు రోజుల పాటు విశాఖలో మనం పెట్టిన ప్రదర్శన లెక్క ఇది.

జమ: నిరుటి నిల్వ రూ. 6,200. చందాలు రూ. 1,04,350. ప్రదర్శన కోసం వేసిన పుస్తకం 70 రూపాయల చొప్పున 210 కాపీలు అమ్మగా రూ. 14,700. మొత్తం రూ. 1,25,250. చందాల్లో ఎక్కువ భాగం ఓడల్లో పనిచేసి రిటైరైన వాళ్ల ఇళ్ల నుంచి ఐదొందలు, వెయ్యిగా వచ్చినవే.

ఖర్చులో పెద్దది ప్యానెళ్లకు, రూ. 41,800. ఫ్లెక్స్ మీద వేస్తే సగంలో అయ్యేదని కొందరన్నారు. నిజమే, కానీ ఫ్లెక్స్ ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది. ఇవి కాలేజీలకు, మత్స్యకార గ్రామాలకు తిరగాలి. అందుకే గట్టి బోర్డు మీద వేయించి ఫ్రేములు కట్టించాం.

మన డబ్బుతో లండన్ గురించి మూడు ప్యానెళ్లు ఎందుకని కూడా అడిగారు. దీనికి కాస్త వివరంగా చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఓడ దిగిన నావికుడి కోసం రేవులో దళారులు కాచుకుని ఉండేవారు. గది ఇచ్చి, తాగించి, అప్పుల్లో ముంచి, చివరికి రాబోయే జీతం అడ్వాన్సు కూడా లాక్కుని మరో ఓడ ఎక్కించేవారు. ఈ దోపిడీ నుంచి కాపాడటానికే 1835లో లండన్ వెల్ స్ట్రీట్‌లో నావికుల గృహం తెరిచారు. న్యూయార్క్‌లో నావికుల కోసం అంతకు ముందు ఏడాదే మొదలైన సంస్థ, తర్వాత నీళ్ల మీద తేలే ప్రార్థనామందిరం కూడా నడిపింది.

మన దేశం నుంచి బ్రిటిష్ ఓడల్లో పనిచేస్తూ వెళ్లిన నావికుల, అంటే లస్కర్ల, గతి మరీ దారుణం. తిరుగు ఓడ దొరక్క లండన్ చలిలో వీధుల పాలయ్యేవారు. వాళ్ల కోసం లండన్ రేవు ప్రాంతమైన లైమ్‌హౌస్‌లో 1857లో ఒక ఆశ్రయం తెరుచుకుంది. దాన్ని కట్టడానికి పంజాబ్ చివరి సిక్కు పాలకుడు మహారాజా దులీప్ సింగ్ 500 పౌండ్లు ఇచ్చారు. వాళ్లకు పడక, తిండితో పాటు తిరిగి వెళ్లే ఓడలో పని వెతికిపెట్టే ఏర్పాటూ అక్కడే ఉండేది. 1937లో మూతపడింది. అది మన దేశపు నావికుల కథ. మూడు ప్యానెళ్లు ఎక్కువని కమిటీ అనుకోవడం లేదు. ముంబైలో బరోడా మహారాజు విరాళంతో కట్టిన రాయల్ ఆల్‌ఫ్రెడ్ నావికుల గృహానికి ఒకటే ప్యానెల్ దక్కింది. ఆ భవనం ఇప్పుడు మహారాష్ట్ర పోలీసుల ప్రధాన కార్యాలయం.

మిగతా ఖర్చులు: హాలు అద్దె, కరెంటు రూ. 22,000. పుస్తకం 300 కాపీల అచ్చు రూ. 24,600. రవాణా రూ. 7,350. టీ, టిఫిన్లు రూ. 5,900. ఫొటోలకు, రాతపనికి ఎవరూ డబ్బు తీసుకోలేదు.

కరపత్రాలకు రూ. 5,400 అయింది. ఇది ముందు అనుకున్న ఖర్చు కాదు. ప్రదర్శనకు వచ్చిన శ్రీకాకుళం కుర్రాళ్లు కొందరు, ఓడలో ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు లక్షల్లో వసూలు చేసి మాయమయ్యాడని చెప్పారు. పాత దళారుల బొమ్మల ముందు నిలబడి ఆ మాట వినడం మాకు చాలా కష్టమనిపించింది. అప్పటికప్పుడు 2,000 కరపత్రాలు వేయించి పంచాం. ఉద్యోగం చూపినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం చెబుతోంది, మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది. నావికులను చేర్చే ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల నియామక సేవల) లైసెన్సు ఉండాలి. కరపత్రంలో రాసింది ఇదే.

మొత్తం ఖర్చు రూ. 1,07,050. నిల్వ రూ. 18,200: బ్యాంకులో రూ. 16,900, చేతిలో రూ. 1,300. అమ్ముడుపోని 90 పుస్తకాలు లైబ్రరీలకు ఉచితంగా ఇస్తాం. నిల్వ డబ్బుతో మరిన్ని కరపత్రాలు వేసి పలాస నుంచి భీమిలి వరకు పంచాలని కమిటీ ప్రతిపాదన, సభ్యులు ఒప్పుకుంటేనే. బిల్లులు, రసీదు పుస్తకాలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. చందా ఇచ్చి రసీదు అందనివారు వెంటనే తెలియజేయండి.