మీ పల్లం చేను గురించి

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ మొన్న రాత్రే చూశాను. "పల్లం చేనుకి మంచి బేరం వచ్చింది, ఏమంటావు?" అని ఒక్క ముక్కలో అడిగావు. ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టేశాను. ఫోన్లో అయితే నువ్వు రేటు చెబుతావు, నేను "సరేలే, నీ ఇష్టం" అనేస్తాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగైనా చివరిదాకా చదువు.

ముందే చెప్పేస్తున్నా, అమ్మొద్దు రా. చేను కొని ప్లాట్లు వేద్దామనుకుంటున్న ఆ లేఅవుట్ వాళ్లకి మాత్రం అసలు అమ్మొద్దు.

నిన్న పొద్దున్నే బండేసుకుని చేను దగ్గరికి వెళ్లొచ్చాను. ఇటు పక్క రెండు చేలల్లో అప్పుడే టిప్పర్లు తిరుగుతున్నాయి. ఎర్ర గ్రావెల్ తెచ్చి మనిషి ఎత్తున మెరక తోలుతున్నారు. మధ్యలో మీ ఎకరం ఒక్కటే పచ్చగా గుంటలా మిగిలింది. మావయ్య కట్టించిన మోటారు షెడ్డు ఇంకా అలాగే ఉంది. 2005లో మన విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు పొంగి తగ్గాక, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గోడ మీద మావయ్య ఎర్ర పెయింటుతో గీత గీశారు, గుర్తుందా? అది నా ఛాతీ దాకా ఉంటుంది. ఇప్పుడు దాని పైన ఇంకో గీత ఉంది. కౌలు చేస్తున్న పెద్దాయన 2024 వరద తగ్గాక బొగ్గుతో గీశాడట. అది తలుపు పైకమ్మీ కన్నా ఎత్తులో ఉంది. ఆ రెండు గీతల్నీ చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ రోజు సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే చెప్పాను. తెల్లవారేసరికి సింగ్ నగర్‌లో మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. మధ్యాహ్నానికి కింది వాటా మొత్తం మునిగింది. అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పట్టుకుని డాబా మీదికి చేర్చాం. రాత్రి కరెంటు లేదు. చీకట్లో ఎవరింట్లోనో ఫ్రిజ్ తేలుతూ గోడకి కొట్టుకుంటున్న చప్పుడు, నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. తర్వాత డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, పడవలు వచ్చాయి. నీళ్లు తీశాక ఇళ్లలో బురద కడగడానికి ఫైరింజన్లు రావాల్సి వచ్చింది. మునిగిన కింది వాటాలకి ప్రభుత్వం 25,000 రూపాయలు ఇచ్చింది. అమ్మ పెళ్లినాటి చీరలు, పిల్లల సర్టిఫికెట్లు ఆ లెక్కలోకి రావు కదా.

అసలేం జరిగిందో అప్పట్నుంచీ తెలిసినవాళ్లనల్లా అడుగుతూనే ఉన్నాను. మైలవరం వైపు కొండల్లో పడ్డ వానంతా బుడమేరులోకి దిగుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి ఆ నీటిని డైవర్షన్ కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణలో కలుపుతారు. కృష్ణ మామూలుగా ఉంటే ఇది బాగానే పనిచేస్తుంది. కానీ ఆ వరదలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది, బ్యారేజీ కట్టాక అంతకుముందెన్నడూ లేనంత. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? వెనక్కి తన్నాయి. కాలువ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం వచ్చి ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి పూడ్చేదాకా, వాగు తన పాత దారి వెతుక్కుంటూ ఊరి మీదికి వచ్చింది.

ఆ పాత దారిలోనే మా ఇల్లుంది. మీ చేనూ ఉంది. కాకపోతే మీ చేనులో నీళ్లు నిలిస్తే వరి పోతుంది, మా వీధిలో నిలిస్తే మనుషులు పోతారు.

నిన్న ఇంటికొచ్చి ఒక లెక్క వేశాను. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. అందులో మీటరు లోతు నీళ్లు నిలిస్తే 40 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వందలు! మీ ఒక్క ఎకరం వరద రోజున అంత నీటిని తన మీద నిలుపుకుని, నాలుగు రోజుల్లో మెల్లగా వదిలిపెడుతుంది. దాని మీద మెరక తోలితే ఆ ఎనిమిది వందల ట్యాంకర్లూ ఎక్కడికి వెళ్తాయి? పక్క కాలనీలోకే కదా. పోనీ కిందికి లాగేస్తుందా అంటే, కింద ఎనికేపాడు దగ్గర వాగు సాగునీటి కాలువల కింద కట్టిన సొరంగంలోంచి దూరి వెళ్లాలి. ఆ తర్వాత కొల్లేరు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు 2006లో కొట్టించారు కానీ మళ్లీ వేశారు. దారి పొడుగునా నీళ్లకి చోటు తగ్గిపోతోంది.

నాకు ఎక్కువ బాధ ఆ ప్లాట్లు కొనేవాళ్ల గురించి. నేనూ అలా కొన్నవాడినే. పాతికేళ్ల కిందట మా ప్లాటు అమ్మినాయన "బుడమేరుని కృష్ణలోకి తిప్పేశారండీ, ఇక ఇటు రాదు" అన్నాడు. నమ్మాను. పీఎఫ్ డబ్బులన్నీ అందులోనే పోశాను. మీ చేనులో కొనేవాళ్లూ నాలాంటివాళ్లే అయ్యుంటారు. బెంజి సర్కిల్ దగ్గర కొనలేక, పిల్లల స్కూలుకి దగ్గరగా ఉంటుందని పల్లంలో కొనుక్కునేవాళ్లు.

మీ హైదరాబాద్ సంగతే చూడు. 1908లో మూసీ అంత ప్రాణనష్టం చేశాకే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలు అదుపు చేస్తూ 1996లో 111 జీవో తెచ్చారు. 84 ఊళ్ల రైతులు రేట్లు రావట్లేదని గోల పెడుతూనే ఉన్నారు, వాళ్ల బాధ నిజమే. చివరికి 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. నేల నీటికి ఉండాలంటే దాని ఖర్చు ఒక్క రైతు మీదే పడకూడదు. నీ విషయంలోనూ అదే అంటాను. నీకు డబ్బు అవసరం లేదని నేననను. కోడలు పిల్ల చదువుకి ఎంతవుతుందో చెల్లెమ్మ నాకు చెప్పింది.

అందుకని ఒకటి విచారించాను. కౌలు చేస్తున్న పెద్దాయన కొడుకు గల్ఫ్ నుంచి వచ్చేశాడు. చేను చేనుగానే ఉంచుతామంటే వాళ్లే కొంటారట, సగం ఇప్పుడు, సగం రెండు పంటల మీద. లేఅవుట్ వాళ్లు చెప్పినదానిలో మూడో వంతు కూడా రాదు. ఆ మాట దాచను. అమ్మకుండా దాని మీద బ్యాంకులో అప్పు తీసుకునే వీలుందేమో కూడా అడిగాను. కాగితాలు చూడాలన్నారు. పాస్‌బుక్ జిరాక్స్ పంపితే నేనే తిరుగుతాను.

ఇంకో సాయం కావాలి. మా వీధి వాళ్లం ముప్ఫై మందిమి పోయిన సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం, వాగు పక్క చేలల్లో మెరక ఆపమని. అక్కడ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "మీకు అక్కడ భూమి ఉందా?" అని. మాలో ఒక్కరికీ లేదు. నీకుంది. మునిగే చేనని రైతుగా నువ్వొక కాగితం రాసిచ్చి, షెడ్డు మీద మావయ్య గీత ఫొటో జతచేస్తే వాళ్లు మమ్మల్ని ఊరికే పంపించలేరు. ఫొటో తీసి ఉంచాను.

చెల్లెమ్మతో కూర్చుని మాట్లాడు. కోపం వస్తే తిట్టు, పడతాను. కానీ ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పు. పెద్దాయన విత్తనాలు నానబెట్టాలి, నారు పోయనా వద్దా అని రోజూ అడుగుతున్నాడు.

నీ
బావ