డబ్బు చెల్లిస్తే లోగో మనదైపోతుందా?

సంపాదక మహాశయులకు,

సృజనకారులకు, చిన్న వ్యాపారులకు మేధోసంపత్తి హక్కులపై ఉన్న సందేహాల్లో ముందు వినిపించేది కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరా అన్నదే. కాపీరైట్‌పై కుదిరిన 1886 నాటి అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో రచన గానీ చిత్రం గానీ రూపు దిద్దుకోగానే హక్కు దానంతటదే వస్తుంది. రిజిస్ట్రేషన్ పలుచోట్ల వివాదం తలెత్తినప్పుడు రుజువుగా అక్కరకు వస్తుంది.

అసలు పేచీ లోగో దగ్గర మొదలవుతుంది. డిజైనర్‌కు పైకం మొత్తం చెల్లించినా, హక్కులు బదిలీ చేస్తున్నట్లు రాతపూర్వక ఒప్పందం లేకపోతే అనేక దేశాల్లో కాపీరైట్ ఆ డిజైనర్ వద్దే ఉండిపోతుంది. వ్యాపారికి మిగిలేది వాడుకునే అనుమతి మాత్రమే. బోర్డు కోసం గీయించిన బొమ్మను తర్వాత సంచులపైన, ప్రకటనల్లోనూ ముద్రించబోతే అభ్యంతరం రావచ్చు. రసీదు బదిలీ పత్రం కాదన్న సంగతి అప్పుడుగానీ తెలిసిరాదు. పని అప్పగించే రోజే రెండు వాక్యాలు రాయించుకోవడానికి మొహమాటం దేనికో నాకు అర్థం కాదు.

సంస్థ పేరు నమోదైనంత మాత్రాన ట్రేడ్‌మార్క్ దక్కినట్లు కాదు. సరుకులను, సేవలను విభజించే అంతర్జాతీయ నీస్ వర్గీకరణలోని 45 తరగతుల్లో తమ సరుకు లేదా సేవ దేని కిందకు వస్తుందో చూసుకుని, విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఇక కొత్త పరికరం కనిపెట్టినవారు పేటెంట్ దరఖాస్తుకు ముందే దాన్ని బహిరంగంగా ప్రదర్శిస్తే, చాలా దేశాల్లో ఆ హక్కుకే ఎసరు వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు