మంత్రి గారూ, కొత్త యాప్ ఇచ్చే ముందు పాత రిజిస్టరు మూయించండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

విశాఖ నగరంలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే మెడికల్ ఆఫీసర్లు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఏఎన్ఎంలు కలిసి రాసుకుంటున్న లేఖ ఇది. ఇదివరకే అర్జీలు పెట్టుకున్నాం. "సంబంధిత అధికారికి పంపడమైనది" అని ఒక మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత "పరిష్కరించబడినది" అని ఇంకొకటి వచ్చింది. ఏది పరిష్కారమైందో మాకు అంతుబట్టలేదు గనక ఇలా నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

డిజిటల్ వద్దని మేం అనడం లేదు. చీటీ పారేసుకున్న బీపీ పేషెంటు "చిన్న తెల్ల మాత్రమ్మా" అంటే అది ఆమ్లోడిపినో ఎటెనొలాలో ఊహించే బాధ మాది. పాత వివరాలు తెర మీద కనిపిస్తే అందరికంటే ముందు సంతోషించేది మేమే. మా గోడల్లా ఒక్కటే. కొత్తవి వస్తూనే ఉన్నాయి, పాతవి పోవడం లేదు.

మొదటిసారి చూపించుకోవడానికి వచ్చిన ఒక గర్భిణిని తీసుకోండి. కౌంటరు దగ్గర క్యూఆర్ స్కాన్, 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు. ఆ పక్కనే ఓపీ రిజిస్టరులో పేరు. ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్యం) పోర్టల్‌లో నమోదు, అదే మళ్లీ ఆర్‌సీహెచ్ రిజిస్టరులో చేత్తో, తల్లీబిడ్డల కార్డులో ఇంకోసారి. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షన్ వేస్తే టీకాల పోర్టల్ యూవిన్‌లో ఒకటి, టీకాల రిజిస్టరులో ఒకటి. హిమోగ్లోబిన్, షుగరు, మూత్రం పరీక్షలు చేస్తే ల్యాబ్ రిజిస్టరు. ఐరన్ మాత్రలు, కాల్షియం ఇస్తే ఫార్మసీ రిజిస్టరు, సాయంత్రం మందుల పోర్టల్ ఈ-ఔషధిలో స్టాకు తగ్గింపు. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ వచ్చిందా, ప్రమాదం ఎక్కువున్న గర్భిణుల (హైరిస్క్) ఎక్సెల్ షీటు వేరే. నెలాఖరుకు ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి నెలవారీ లెక్కల పోర్టల్ హెచ్‌ఎంఐఎస్‌లో ఎక్కించాలి. ఒక పోర్టల్‌లో కొట్టింది అక్కడే ఉండిపోతుంది, రెండో దాంట్లో మొదటినుంచీ కొట్టుకోవాల్సిందే. ఒకచోట పేరు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువ పడితే ఆ తల్లి ఇద్దరైపోతుంది. డూప్లికేట్లు ఎందుకొచ్చాయని సంజాయిషీ అడిగేది మాత్రం మమ్మల్నే.

ఇక ఆభాకి కావాల్సిన ఓటీపీ. అది వెళ్లేది ఆధార్‌తో లింకైన ఫోనుకి. ఆ ఫోను కొడుకు జేబులో ఉంటుంది, కొడుకు ఏ షిఫ్టు డ్యూటీలోనో, ఏ కంటైనరు లారీ మీదో ఉంటాడు. "మా పెద్దోడు డ్యూటీకెల్లిపోనాడు బాబూ, ఆడికి ఫోన్ చేసినా ఎత్తడు" అనే ముసలమ్మ కౌంటరు దగ్గర నిలబడితే వెనకున్న వరస కదలదు. ఆమెను పక్కన కూర్చోబెట్టి చేత్తో చీటీ రాసి పంపిస్తే, ఆభా శాతం తగ్గిందని సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో మా కేంద్రం పేరు ఎర్ర రంగులో వస్తుంది. ఆ రంగు చూసి భయపడడం మాకు బాగానే అలవాటైంది, మీరు దిగులు పడకండి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది ఎన్‌సీడీ (బీపీ, షుగరు, క్యాన్సర్ లాంటి అంటువ్యాధులు కాని జబ్బుల) సర్వే గురించి. 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి పరీక్ష, ఆడవాళ్లకు వయసును బట్టి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఉద్దేశం మంచిదే, కాదనేవాళ్లెవరు? కానీ బీపీ ఎలా చూడాలో మీ శాఖ శిక్షణ పుస్తకాలే చెబుతాయి. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకి ఆనుడు ఉండాలి, కాళ్లు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అరగంట లోపు టీ, సిగరెట్ తాగి ఉండకూడదు. నిమిషం ఎడంతో రెండు రీడింగులు తియ్యాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే బీపీ లేనివాడికి కూడా ఉన్నట్టు చూపిస్తుంది, కిట్‌లో ఉండేదేమో ఒకటే సైజు. తర్వాత వేలు గుచ్చి షుగరు చూడాలి. స్ట్రిప్పు డబ్బా మూత తీసి ఉంచితే మన సముద్రపు తేమకి స్ట్రిప్పులు పాడవుతాయి, అంకె తప్పొస్తుంది. ఇదంతా పద్ధతిగా చేసి యాప్‌లో నింపితే మనిషికి పావుగంటకు తక్కువ పట్టదు. రోజువారీ టార్గెట్ ఇచ్చినవాళ్లు ఈ పావుగంటను దేంతో హెచ్చించారో మాకైతే అర్థం కాలేదు.

టార్గెట్ వెంట తరిమితే ఏం జరుగుతుందో డేటాలోనే కనబడుతుంది. ఏ వార్డు షీటైనా తెప్పించుకుని చూడండి. 120/80, 120/80, 130/80. చివరి అంకె సున్నా కానివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. డిజిటల్ మిషన్ 127/83 అని చూపిస్తుంది గానీ అన్నీ గుండు సున్నాలతో చూపించదు. రేపు ఈ లెక్కలు చూసి మందులకు ఇండెంటు పెడితే షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ ఎక్కడ ఎక్కువ కావాలో, బీపీకిచ్చే టెల్మిసార్టాన్ ఎక్కడ చాలదో ఎలా తెలుస్తుంది?

పైగా ఇది విశాఖ. కొండవాలు కాలనీల్లో ఇంటింటికీ తిరగడమంటే మెట్లెక్కడం. మధ్యలో సిగ్నల్ ఉండదు. ట్యాబ్‌లో నింపింది సింక్ కాకుండా ఆగిపోతుంది, కిందికి దిగాక లాగిన్ ఎగిరిపోయిందంటే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ట్యాబ్‌లు పాతబడ్డాయి, యాప్ అప్‌డేట్‌కి మెమరీ చాలదు. "మీ సొంత ఫోన్లో వేసుకోండి" అంటారు. రీచార్జి ఎవరిదో అనరు. జాలారిపేటల్లో పగలు వెళ్తే మగవాళ్లు వేటలో ఉంటారు, ఆడవాళ్లు చేపలమ్మడానికి బజారులో ఉంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ మనుషులు ఇంటిపట్టునే దొరుకుతారు. స్థానికంగా తేదీలు పెట్టుకోనిస్తే మత్స్యకార వాడల్ని అప్పుడే చక్కగా పూర్తి చేయొచ్చు. తేదీలు పైనుంచి వస్తాయి కాబట్టి తాళం వేసిన తలుపుల్ని సర్వే చేస్తున్నాం.

గర్భాశయ ముఖద్వార పరీక్షకు ఎసిటిక్ యాసిడ్ ద్రావణం పూసి, నిమిషం ఆగి, మంచి లైటు కింద చూడాలి. ఆ నిమిషం ఆగడానికి తలుపు వేసుకునే గది కావాలి. చాలా కేంద్రాల్లో ఆ గదే టీకాల గది, ఆ గదే స్టోరు.

డాక్టరు సంగతి క్లుప్తంగా. ఓపీ నిండుగా ఉన్న పూట పేషెంటుకి దొరికేవే రెండు మూడు నిమిషాలు. అందులో డ్రాప్‌డౌన్‌లో జబ్బు వెతికి, మందు వెతికి, సేవ్ కొట్టేసరికి ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూడలేదన్న సంగతి గుర్తొస్తుంది. సర్వరు ఆగితే ఏం చేయాలన్నది ఎక్కడా రాసిలేదు. తెల్లకాగితం మీద రాసి, రాత్రి ఇంటికెళ్లి బ్యాక్ ఎంట్రీ చేసుకుంటాం. అది కాస్త ఆలస్యమైతే నష్టపోయేది మేం కాదు. టీబీ రోగుల పోర్టల్ నిక్షయ్‌లో బ్యాంకు వివరాలు ఎక్కని టీబీ రోగికి నెలకు రావలసిన 1,000 రూపాయలు ఆగిపోతాయి.

శిక్షణ అంటారా, ఇస్తున్నారు. ఓపీ వేళలోనే గంటసేపు ఆన్‌లైన్ మీటింగు. ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఇంకో చెవిలో స్టెతస్కోపు పెట్టుకునే విద్య కూడా నేర్పిస్తే ధన్యులం.

అయ్యా, మేం అడిగేవి పెద్ద ఖర్చువేమీ కావు. కేంద్రానికి ఒక డేటా ఎంట్రీ ఆపరేటరును ఇవ్వండి. ఏ కొత్త యాప్ అయినా ముందు ఒక రద్దీ కేంద్రంలో, సోమవారం ఓపీలో, నెల రోజులు నడిపి చూశాకే మిగతావాళ్లకు పంపండి. మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు టార్గెట్లు, ర్యాంకులు, ఎర్ర రంగులు ఆపండి. సర్వరు లేనప్పుడు వాడే ఫారం ఒకటి అచ్చు వేయించండి. ఓటీపీ రానివాళ్లను ఓపీ చూడకుండా వెనక్కి పంపనక్కర్లేదని, దానికి మమ్మల్ని తప్పుపట్టబోమని చెప్పండి. రెండు సైజుల కఫ్‌లు ఇప్పించండి. అన్నిటికంటే ముందు, మళ్లీ మళ్లీ అడుగుతున్నాం, ఒకటి తెస్తే ఒకటి తీసేయండి.

దయచేసి దీనికి జవాబు వాట్సాప్ గ్రూపులో వద్దు. ఏ రిజిస్టరు ఏ తేదీ నుంచి రాయనక్కర్లేదో పేరుపేరునా రాసి, సంతకం పెట్టిన మెమో ఒకటి ఇప్పించండి. ఆడిట్‌కి వచ్చినవాళ్లు "రిజిస్టరేదీ?" అన్నప్పుడు చూపించడానికి మాకు ఆ కాగితం కావాలి.

ఇట్లు,
విశాఖపట్నం పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, సిబ్బంది